ప్రార్థన చేయించుకున్నాక మందులు మానేయాలా? – విశ్వాసులు అడిగే ప్రశ్నలకు జవాబులు



ఆదివారం ఆరాధన ముగిశాక, గృహ కూడికల్లో, ఉపవాస ప్రార్థనల తరువాత మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ప్రార్థన చేయించుకున్నంక కూడా గోలీలు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే కదా?" గోదావరిఖని, మంచిర్యాల వంటి గనుల ఊళ్లలో రిటైరైన కార్మికులు ఈ మాట అడుగుతారు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో, కొడుకులు గల్ఫ్‌లో ఉండగా ఇంట్లో ఒంటరిగా కాలం గడుపుతున్న తల్లులు అడుగుతారు. ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు గూడేల్లో కొత్తగా ప్రభువును తెలుసుకున్నవారు అడుగుతారు.

ఈ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. స్వస్థత కూడికకు వెళ్లి వచ్చి బీపీ గోలీలు పారేసి, ఆ తరువాత పక్షవాతంతో మంచాన పడినవారిని మేము చూశాము. అలాంటి ఇంటికి పరామర్శకు వచ్చినవారే "నమ్మకం చాలలేదేమో" అని వెళ్లిపోవడం కూడా చూశాము. ఆ ఇంటివారికి రోగం ఒక బాధ అయితే, ఆ మాట మరో బాధ.

మేము ప్రార్థన విలువను తగ్గించడానికి ఇది రాయడం లేదు. దేవుడు స్వస్థపరచువాడని నమ్ముతున్నాము. రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తున్నాము, ఇకముందు కూడా ప్రార్థిస్తాము. అయితే వాక్యం చెప్పని భారాన్ని రోగుల మీద మోపకూడదన్నదే మా మనవి. అందుకే తరచుగా వచ్చే ప్రశ్నలను ఒకచోట చేర్చి, వాక్యపు వెలుగులో జవాబులు ఇస్తున్నాము.

మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టా?

కాదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు ఏం జరిగిందో చూడండి (2 రాజులు 20:1–7). ఆయన కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నానని, బాగుచేస్తానని ప్రవక్త ద్వారా చెప్పాడు. వాగ్దానం వచ్చేసింది. అయినా ఆ తరువాతే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఇచ్చిన దేవుడే మందును వాడుకున్నాడు. ముద్ద వేయించుకున్నందుకు హిజ్కియాను అవిశ్వాసి అని ఎవరూ అనలేదు.

కొత్త నిబంధనలోనూ ఇదే కనిపిస్తుంది. మంచి సమరయుడు గాయపడినవానికి నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు (లూకా 10:34). పౌలు తిమోతి కడుపు జబ్బుకూ తరచుగా వచ్చే బలహీనతలకూ ఆ రోజుల్లో తెలిసిన వైద్యమే సూచించాడు (1 తిమోతి 5:23). పౌలు చేతుల ద్వారా ఎన్నో అద్భుతాలు జరిగాయని మనకు తెలుసు. అలాంటి పౌలుకు ప్రియమైన తోటివాడు లూకా వృత్తిరీత్యా వైద్యుడు (కొలొస్సయులు 4:14). వైద్యుడు కావలసింది రోగులకే గాని ఆరోగ్యంగా ఉన్నవారికి కాదని ప్రభువు స్వయంగా అన్నాడు (మత్తయి 9:12). పాపుల కోసం తాను వచ్చానని చెప్పడానికి ఆయన వైద్యుణ్ణి పోలికగా తీసుకున్నాడు. వైద్యం దేవునికి విరోధమైనదైతే ఆ పోలిక వాడేవాడు కాదు.

మరి ఆసా రాజు సంగతి? రక్తస్రావ రోగి అయిన స్త్రీ సంగతి?

వైద్యులను ఆశ్రయించడం పాపం అని చెప్పేవారు సాధారణంగా చూపేది ఈ రెండు భాగాలనే.

ఆసా రాజు గురించిన అధ్యాయాన్ని మొదటి నుంచి చదవాలి (2 దినవృత్తాంతములు 16). అతడు ముందుగా దేవుణ్ణి వదిలి సిరియా రాజు సహాయం కొనుక్కున్నాడు. తప్పు చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. ప్రజలను బాధపెట్టాడు. ఆఖరికి పాదాల్లో రోగం ముదిరినా దేవుని వైపు తిరగలేదు, వైద్యుల మీదే ఆనుకున్నాడు. దేవుణ్ణి వెదకకపోవడమే అతని దోషం. ప్రార్థిస్తూ మందు వేసుకునేవారికి ఈ వాక్యం చూపి భయపెట్టడం సరికాదు.

ఇక పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ అనేకమంది వైద్యుల దగ్గర ఉన్నదంతా ఖర్చు పెట్టిందని, బాగుపడలేదని మార్కు రాశాడు (మార్కు 5:25–34). ఇది ఆమె పడిన కష్టం. కరీంనగర్, హైదరాబాదు దవాఖానల చుట్టూ తిరిగి ఎకరం పొలం అమ్ముకున్న కుటుంబాలకు ఆ కష్టం బాగా తెలుసు. ప్రభువు ఆమెను "వైద్యుల దగ్గరికి ఎందుకు వెళ్లావు" అని గద్దించలేదు. కుమారీ అని పిలిచి, సమాధానంతో పంపించాడు.

ఆయన గాయాల వల్ల స్వస్థత అనే వాగ్దానం మనకుంది కదా?

ఉంది. యెషయా 53వ అధ్యాయాన్ని మత్తయి రోగుల స్వస్థతకు అన్వయించాడు (మత్తయి 8:16–17). పేతురు అదే అధ్యాయాన్ని పాపం నుంచి విడుదల పొంది నీతికై జీవించడానికి అన్వయించాడు (1 పేతురు 2:24). రెండూ సత్యమే. సిలువ ఫలం సంపూర్ణమైనది. అయితే దాని సంపూర్ణ అనుభవం పునరుత్థానంలో ఉంది. మరణం, కన్నీరు, వేదన లేని దినం ముందుంది (ప్రకటన 21:4). ఈలోగా దేవుడు కొందరిని ప్రార్థన వెంటనే బాగుచేస్తాడు, కొందరిని వైద్యం ద్వారా బాగుచేస్తాడు, కొందరికి సహించే కృప ఇస్తాడు. పౌలు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు. అతనికి దొరికిన జవాబు కృప (2 కొరింథీయులు 12:7–9). పౌలుకు విశ్వాసం తక్కువని చెప్పగలమా?

మన ప్రాంతంలో మొదటి మిషనరీలు ఏం చేశారు?

ప్రార్థన, వైద్యం కలిసి నడిచిన చరిత్ర మనది. వెస్లియన్ మిషనరీల కాలం నుంచి గుడి, బడి, దవాఖాన మూడూ కలిసే పెరిగాయి. మెదక్‌లో మిషన్ ఆసుపత్రి అలా వచ్చిందే. మనకు పొరుగునే, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఉన్న కుష్ఠు ఆసుపత్రి దీనికి గొప్ప సాక్షి.

స్కాట్లాండులో వైద్యవిద్య చదివిన డాక్టర్ ఇసబెల్ కెర్, తన భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో మన దేశానికి వచ్చారు. ఆ రోజుల్లో కుష్ఠు రోగులను ఊరి బయటికి నెట్టేసేవారు. కెర్ దంపతులు వారిని చేరదీశారు. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత చేయూతతో 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలిసింది. అప్పటికి ఆ రోగానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఛాల్‌మోగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. ఆ సూది నొప్పి పుట్టించేది, చికిత్స నెలల తరబడి సాగేది. అయినా డాక్టరమ్మ విసుగు చెందలేదు. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్‌-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె ఇక్కడే కన్నుమూశారు.

ఆమె ప్రార్థించే స్త్రీ, ఒక బోధకుని భార్య. ప్రార్థన చేస్తున్నాము గనుక సూది అక్కరలేదని ఆమె అనుకోలేదు. సూది వేస్తున్నాము గనుక ప్రార్థన అక్కరలేదనీ అనుకోలేదు. తరువాతి కాలంలో ఇంకా మంచి మందులు వచ్చాయి. 1980ల నుంచి వాడుకలో ఉన్న బహుళ ఔషధ చికిత్సతో నేడు కుష్ఠు పూర్తిగా నయమవుతోంది, ప్రభుత్వ దవాఖానల్లో ఆ మందులు ఉచితం. కుష్ఠు రోగుల కోసం తరతరాల విశ్వాసులు చేసిన ప్రార్థనకు దేవుడు ఈ విధంగా కూడా జవాబిచ్చాడని మేము నమ్ముతున్నాము.

స్వస్థత కలిగిందని ఎలా తెలుసుకోవాలి? మందు ఎప్పుడు మానాలి?

ప్రభువు పదిమంది కుష్ఠు రోగులను యాజకులకు కనపరచుకొమ్మని పంపాడు (లూకా 17:14). ధర్మశాస్త్రం ప్రకారం యాజకుడు రోగిని చూడాలి, ఏడు రోజులు ఆగి మళ్లీ చూడాలి, అవసరమైతే ఇంకో ఏడు రోజులు ఆగాలి (లేవీయకాండము 13:4–6). అంటే స్వస్థతను పరీక్షించి నిర్ధారించుకోవడం వాక్యానుసారమైన పద్ధతే. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. ఈ రోజు ఆ పరీక్ష చేయగలిగినది డాక్టరు.

కొన్ని జబ్బుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

బీపీ ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. "ఒళ్లు తేలికైంది, నాకు బాగైంది" అనిపించడం రుజువు కాదు. షుగరు పరీక్ష మామూలుగా వచ్చిందంటే చాలాసార్లు గోలీ పని చేస్తోందనే అర్థం. ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లలకు అది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం వస్తుంది.

మూర్ఛకు వేసుకునే గోలీలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.

సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స ఉంటుంది. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే చాలామంది సాక్ష్యం చెప్పి మందు మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారై తిరగబెడతాయి, ఇంట్లోవారికీ అంటుకుంటాయి.

ఏజెన్సీ గ్రామాల్లో వానాకాలం జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఒక రకం మలేరియా మెదడుకు ఎక్కి చంపుతుంది. పత్తి చేలల్లో పాము కాటేస్తే ముందు 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు మందు దవాఖానలోనే ఉంటుంది. కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయవద్దు. ప్రార్థన తప్పకుండా చేయండి, దవాఖానకు వెళ్లే బండిలో చేయండి.

కాబట్టి మా సలహా ఇది: మందు మొదలుపెట్టమన్న డాక్టరే ఆపమనాలి. అప్పుడు చెప్పే సాక్ష్యానికి బలం ఉంటుంది. డాక్టరు పరీక్షించి "ఇక అవసరం లేదు" అన్న రోజున సంఘంలో నిలబడి దేవుణ్ణి మహిమపరచండి. అప్పటిదాకా "దేవుడు నన్ను నడిపిస్తున్నాడు, చికిత్స జరుగుతోంది" అని చెప్పడం కూడా నిజమైన సాక్ష్యమే.

ఉపవాస ప్రార్థనలో గోలీలు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. గోలీ వేసుకుంటే ఉపవాసం చెడదు. అయితే షుగరు గోలీ వేసుకొని అన్నం తినకపోతే రక్తంలో చక్కెర మరీ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. శ్రమకాలంలో నలభై రోజులూ ఉపవాసం ఉండాలనుకునే షుగరు రోగులు ముందుగా డాక్టరును అడగాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే చక్కెర నీళ్లు తాగి ఉపవాసం విడవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు అన్నం మానకూడదు.

దేవుడు కోరే ఉపవాసం ఏమిటో యెషయా 58వ అధ్యాయంలో ఉంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం, దిక్కులేనివానిని చేర్చుకోవడం అందులో ముఖ్యం. అన్నం మానలేనివారు మాంసం మానవచ్చు, టీవీ, ఫోన్ మానవచ్చు, ఆ పూట ఖర్చు ఒక పేద ఇంటికి ఇవ్వవచ్చు. దేవుడు దాన్ని తక్కువగా చూడడు.

మనసు చెదిరినవారికి దయ్యం పట్టినట్టా?

తొందరపడి అలా అనవద్దు. మత్తయి 4:24లో దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని వేరువేరుగా చెప్పారు. ప్రతి మనోవేదననూ దయ్యానికి అంటగట్టడం వాక్యం నేర్పిన పద్ధతి కాదు. ఏలీయా చావు కోరుకునేంతగా కుంగిపోయినప్పుడు దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, తరువాత మెల్లని స్వరంతో మాట్లాడాడు (1 రాజులు 19).

మన పల్లెల్లో ఇలాంటివి చూస్తే బాణామతి, చేతబడి అనే అనుమానాలు మొదలవుతాయి. చివరికి ఎవరో ఒక అమాయకుని మీద నింద పడుతుంది. విశ్వాసులు ఆ మాటల్లో పాలుపొందకూడదు. విడుదల కోసమని రోగిని కొట్టడం, గొలుసులతో కట్టేయడం ఘోరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక రోగిని గొలుసులతో బంధించడం నిషేధం. కుంగుబాటు, నిద్రలేమి, చనిపోవాలనే తలంపులు ఉన్నవారు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. మీ సంఘ కాపరితోనూ చెప్పండి, డాక్టరుకూ చూపించండి.

ప్రార్థన నూనె, ప్రార్థన నీళ్లు కొనవచ్చా?

రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలని, వారు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు రాశాడు (యాకోబు 5:14). అక్కడ పెద్దలు రోగి ఇంటికి వస్తారు, డబ్బు ప్రస్తావన లేదు. నయమాను స్వస్థత పొందాక ఎలీషా కానుక తీసుకోలేదు. వెనుక పరుగెత్తి తీసుకున్న గేహజీకి కుష్ఠు అంటింది (2 రాజులు 5). ఉచితంగా పొందారు గనుక ఉచితంగా ఇవ్వమని ప్రభువు శిష్యులకు చెప్పాడు (మత్తయి 10:8). స్వస్థతకు వెల కట్టిన చోట జాగ్రత్తపడండి. మంత్రతంత్రాలు, మహిమ గల వస్తువులు క్యాన్సరు, షుగరు, మూర్ఛ వంటి జబ్బులను నయం చేస్తాయని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నుంచే మన దేశ చట్టం నిషేధిస్తోంది. దేవుని నామం చెప్పేవారు లోక చట్టం కంటే తక్కువ నిజాయితీతో ఉండకూడదు.

ఎంతో ప్రార్థించాము, అయినా మనిషి దక్కలేదు. మా విశ్వాసం చాలలేదా?

ఈ ప్రశ్న అడిగేవారు ఏడుస్తూ అడుగుతారు. వారికి మా జవాబు: మీ మీద నేరం మోపుకోకండి. ఎలీషా ఎందరికో మేలు చేసిన దైవజనుడు, అతడు రోగంతోనే చనిపోయాడు (2 రాజులు 13:14). పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35). గ్రుడ్డివాని విషయంలో "ఎవరు పాపం చేశారు" అని శిష్యులు అడిగితే, వాడైనా వాని కన్నవారైనా కాదని ఆయన చెప్పాడు (యోహాను 9:1–3). ఆ ప్రశ్న ఇప్పటికీ మన పరామర్శల్లో వినిపిస్తోంది. ప్రభువు ఇచ్చిన జవాబే మనమూ ఇవ్వాలి.

అవిశ్వాసం తొలగడానికి సహాయం చేయమని ఏడ్చిన తండ్రిని ప్రభువు తోసివేయలేదు, అతని కొడుకును బాగుచేశాడు (మార్కు 9:24). ఆయన మన విశ్వాసాన్ని తూకం వేసి, తక్కువైతే వెనక్కి పంపేవాడు కాదు.

సంఘం ఏం చేయగలదు?

రోగి ఇంటికి వెళ్లినప్పుడు ప్రార్థనతోపాటు రెండు మాటలు అడగండి: "ఏ డాక్టరుకు చూపిస్తున్నారు? గోలీలు సరిగ్గా వేసుకుంటున్నారా?" కొడుకులు దూరంలో ఉన్న తల్లిదండ్రులను దవాఖానకు తీసుకువెళ్లే బాధ్యతను యౌవనస్థులు వంతుల వారీగా తీసుకోవచ్చు. సంఘంలో నర్సులు, ఆశా కార్యకర్తలు ఉంటే నెలకొక ఆదివారం ఆరాధన తరువాత బీపీ, షుగరు చూడవచ్చు. మందు మానేశానని ఎవరైనా సాక్ష్యం చెప్పబోతే, కాపరి ముందుగా పక్కకు పిలిచి మాట్లాడాలి. ఎవరి జబ్బు పేరూ వారి అనుమతి లేకుండా బహిరంగ ప్రార్థనలో చెప్పకూడదు.

నలుగురు మనుషులు పక్షవాయువు గల తమ మిత్రుణ్ణి మంచంతో మోసుకొచ్చి, పైకప్పు విప్పి ప్రభువు ముందు దించారు. ప్రభువు వారి విశ్వాసం చూశాడని మార్కు రాశాడు (మార్కు 2:3–5). ఆ నలుగురి విశ్వాసం మంచం మోయడంలో కనిపించింది. మన సంఘాల్లోనూ అలాంటి విశ్వాసం ఉండాలి. ఈ వారం మీ వీధిలో మందు మానేసినవారు ఎవరైనా ఉంటే వారి ఇంటికి వెళ్లండి. వారితో ప్రార్థించండి. తరువాత వారిని వెంటబెట్టుకొని దవాఖానకు వెళ్లండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఆత్మను, ప్రాణాన్ని, శరీరాన్ని కాపాడును గాక. ఆమేన్.